మెడలో ఐడీ కార్డు, చేతిలో ఏ పని?

విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి బీకాం రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి సలహా అడుగుతూ నాకు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. సొంతూరు విజయనగరం జిల్లాలో. నాన్న జూట్ మిల్లు కార్మికుడు. మిల్లు నడిచిన నెల జీతం, లాకౌట్ పెట్టిన నెల అప్పు. ఈ పిల్ల హైస్కూల్లో కబడ్డీ ఆడి స్కూల్ గేమ్స్‌లో రాష్ట్రస్థాయి దాకా వెళ్లింది. ఇంటర్ మొదటి ఏడాదిలో మోకాలి లిగమెంట్ తెగడంతో ఆట ఆగిపోయింది. "ఆట పోయింది కానీ గ్రౌండ్ వాసన పోలేదు మేడమ్" అని రాసింది.

పోయిన ఏడాది విశాఖలో జరిగిన ఒక పెద్ద టోర్నమెంటులో ఈవెంట్ ఏజెన్సీ తరఫున పది రోజులు గేటు దగ్గర పని చేసింది. రోజుకు 700 రూపాయలన్నారు. ఎనిమిది రోజుల డబ్బు వచ్చింది, రెండు రోజులది ఇంకా రాలేదు. ఇంట్లో మాత్రం ఎన్ఎస్ఎస్ క్యాంపు అని చెప్పింది. స్నేహితురాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటోలో, మెడలో ఐడీ కార్డుతో నవ్వుతూ నిలబడ్డ కూతుర్ని నాన్న చూశాడు. మూడు వారాలు ఫోన్లో "తిన్నావా" తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు కానీ, మాట్లాడేది కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ గురించి.

అమ్మాయికి మాత్రం ఆటల రంగంలోనే బతకాలని ఉంది. ఆమె ముందు మూడు దారులున్నాయి. ఒకటి, హాస్టల్‌కు దగ్గర్లోని బ్యాడ్మింటన్ అకాడమీలో రోజూ ఉదయం పూట మూడు గంటలసేపు పని, నెలకు 5,000. ఫీజుల పుస్తకం చూడాలి, పిల్లల బ్యాచ్‌కి సాయం చేయాలి. రెండు, ఆన్‌లైన్లో "స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఇంటర్న్‌షిప్": 18,000 కడితే సర్టిఫికెట్ ఇస్తారట, పెద్ద లీగుల్లో అవకాశం కూడా చూపిస్తారట. మూడు, టెలిగ్రామ్‌లో ఒకాయన చెప్పిన పని. చిన్న క్రికెట్ మ్యాచ్‌లకు వెళ్లి బంతి బంతికీ స్కోరు ఫోన్లో పంపితే మ్యాచ్‌కి 1,000. హాజరు ఇప్పటికే 75 శాతం అంచున ఉంది. "వీటిలో ఏది రేపు నా బయోడేటాలో నిలబడుతుంది? అసలు నాలాంటిదానికి ఈ రంగంలో చోటుందా? నాన్నకు ఏం చెప్పాలి?" అన్నవి ఆమె ప్రశ్నలు.

*

అమ్మా, నువ్వు మా చిన్నమ్మాయి ఈడుదానివి కాబట్టి "మీరు" అని రాయలేకపోతున్నాను, ఏమనుకోకు.

ముందు ఆ మూడో పని సంగతి చెప్పాలి. మిగతావి నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు, ఇది అలా కాదు. టీవీలో, ఫోన్లో మనం చూసే మ్యాచ్ గ్రౌండ్‌లో జరిగేదానికంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. వికెట్ పడిందన్న కబురు ఆ సెకన్ల ముందే అందితే దాని మీద పందెం కాసేవాడికి లాభం. అందుకే గ్రౌండ్ పక్కన ఫోన్ పట్టుకుని కూర్చోడానికి వాళ్లకు ఒక మనిషి కావాలి. 2022లో గుజరాత్‌లోని మెహసానా జిల్లా మోలీపూర్‌లో ఏం జరిగిందో నీకు తెలిసే ఉంటుంది. పొలంలో లైట్లు కట్టి, కూలీలకు జెర్సీలు తొడిగి, ఏకంగా ఐపీఎల్ అని నమ్మించి రష్యాలోని పందెంరాయుళ్ల దగ్గర డబ్బు లాగారు. ఆ రోజు బ్యాటు పట్టుకున్న కూలీలకు దొరికింది దినకూలీయే. అలాంటి చోటికి పోలీసులు వస్తే మాత్రం తామెందుకు ఆడామో కూలీలూ చెప్పుకోవాల్సి వస్తుంది.

"స్కోరు రాయడం కూడా ఆటల్లో అనుభవమే కదా" అన్నావు. నిజమే. కాకపోతే స్కోరర్‌ని పిలిచేది మ్యాచ్ నడిపేవాళ్లు. అతను ఎక్కడ కూర్చున్నాడో రెండు జట్లకూ తెలుసు, రాసింది అందరికీ కనబడుతుంది, డబ్బు నిర్వాహకుడే ఇస్తాడు. నీకు చెప్పిన పనిలో ఇవేవీ లేవు. నువ్వే రాశావు, "నిర్వాహకులకు చెప్పొద్దన్నారు, డబ్బు ఒక్కోసారి ఒక్కో పేరు మీదనుంచి వస్తుందట" అని. ఆ రెండో మాట మొదటిదానికంటే ప్రమాదం. తెలియని ఖాతాల్లోంచి నీ యూపీఐకి డబ్బు వస్తూ ఉంటే, ఎక్కడో ఎవరో మోసపోయి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసిన రోజున నీ ఖాతా కూడా ఆగిపోవచ్చు. నాన్న పంపే హాస్టల్ ఫీజు కూడా అందులోనే కదా. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ బెట్టింగ్ 2020 నుంచే నేరం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. అన్ని దారుల మంచిచెడ్డలూ చెప్పి ఎంపిక నీకే వదిలేద్దామని ఈ జవాబు మొదలుపెట్టాను. ఈ ఒక్కదాని విషయంలో మాత్రం వదలలేను. ఆ నంబర్ని బ్లాక్ చెయ్యి.

18,000 సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు. డబ్బు కట్టి నేర్చుకునేదాన్ని కోర్సు అంటారు. కోర్సు మంచిదైతే కట్టవచ్చు, తప్పేం లేదు. కానీ ఇంటర్న్‌షిప్ అని పిలిచి నీ దగ్గరే వసూలు చేస్తున్నారంటే వాళ్ల వ్యాపారం ఆటలు కాదు, నువ్వు. కట్టక తప్పదనిపిస్తే ముందు మూడు ప్రశ్నలు అడుగు. ఏ టోర్నీలో, ఏ తేదీల్లో, ఎవరి కింద పని చేయాలి? మూడింటికీ రాతపూర్వకంగా జవాబొస్తే అప్పుడు మళ్లీ నాకు రాయి. నీ హాస్టల్ ఫీజు ఎంతో నువ్వు రాయలేదు కానీ, 18,000 దాంట్లో చిన్న ముక్కేమీ కాదని ఊహించగలను.

ఇప్పుడు ఆ పది రోజుల గేటు పని. నువ్వు దాని గురించి రెండు పేజీలు రాశావు, అకాడమీ గురించి ఐదు లైన్లు. నీ మనసెటు ఉందో తెలుస్తూనే ఉంది. నేను తక్కువ చేసి మాట్లాడను, ఆ సంబరం నాకూ తెలుసు. 2002లో జాతీయ క్రీడలు మన రాష్ట్రంలో జరిగినప్పుడు నా మెడలోనూ ఒక పాసు వేళ్లాడింది. ఆ పాసుతో ఫొటోలు దిగాను, ఇద్దరు ముగ్గురు పెద్ద ఆటగాళ్లను దగ్గర్నుంచి చూశాను. నిజంగా నేను చేసిన పని మాత్రం భోజనం ప్యాకెట్లు లెక్కపెట్టడం. వచ్చే జట్లలో ఎంతమంది, ఎవరు శాకాహారులు, ఏ బస్సు ఆలస్యం, మిగిలినవి ఎవరికి పంపాలి. నామోషీగా ఉండి ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. తర్వాత ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో "అక్కడ ఏం చేశావు" అని అడిగారు. ఫొటోల గురించి నోరు పెగల్లేదు. ప్యాకెట్ల లెక్క మాత్రం పావుగంట చెప్పాను.

నువ్వూ అలా ఒకసారి చెప్పి చూడు. పది రోజుల్లో నీ గేటు గుండా రోజుకు సుమారు ఎంతమంది వెళ్లారు? టికెట్ స్కాన్ కాని మనిషిని ఏం చేశావు? రద్దీ ఏ అరగంటలో వచ్చేది? ఉత్తరంలో ఒకచోట "మూడో రోజు స్కానర్లు ఆగిపోతే నేనూ ఇంకో అమ్మాయీ క్యూని రెండుగా చీల్చి, టికెట్లు పేపర్ మీద నోట్ చేసుకుంటూ పంపించాం" అని ఒక్క వాక్యం రాసి దాటేశావు. నీ బయోడేటాలో పెట్టాల్సింది ఆ వాక్యం. "అంతర్జాతీయ స్థాయి ఈవెంట్‌లో పనిచేశాను" అన్నది అక్కడున్న నూటయాభై మందీ రాసుకుంటారు.

ఇంకో లెక్క కూడా చూడు. 2025లో మన విశాఖకు పెద్ద ఆటలు బాగానే వచ్చాయి. మార్చిలో రెండు ఐపీఎల్ మ్యాచ్‌లు, ఆగస్టు 29 నుంచి సుమారు రెండు వారాలు ప్రో కబడ్డీ, అక్టోబర్‌లో మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు ఐదు. ఒక ఊరికి అది భాగ్యమే. అయినా ఈ మూడింటినీ కలిపితే మూడు, నాలుగు వారాల పని. అదీ ఏజెన్సీ చేతిలో, పిలిస్తే వెళ్లడం, పిలవకపోతే లేదు. పైగా వచ్చే ఏడాది ఇక్కడే జరుగుతాయన్న పూచీ లేదు. ప్రో కబడ్డీ విశాఖకు తిరిగి రావడానికి 2018 తర్వాత ఏడేళ్లు పట్టింది. వేసవి ఐపీఎల్ అయితే నీ సెమిస్టర్ పరీక్షల ముందో మధ్యనో వచ్చి పడుతుంది. వెళ్లొద్దని అనను. ఏడాదికి ఒకటి రెండు చెయ్యి, మనుషులు పరిచయమవుతారు. అది పండగ లాంటిదని మాత్రం తెలుసుకుని వెళ్లు.

బాకీ ఉన్న రెండు రోజుల డబ్బుకి సిగ్గుపడకు. తేదీలు, గేటు నంబర్, షిఫ్టు సమయం రాసి ఆ సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో ఒక మర్యాదైన మెసేజ్ పెట్టు. నీలాగే డబ్బు రాని వాళ్లెవరుంటే వాళ్లందరూ ఒకే రోజు పెట్టండి. ఒక్కరు అడిగితే "చూద్దాం" అంటారు, ఎనిమిది మంది అడిగితే లెక్కలు తీస్తారు. అప్పటికీ రాకపోతే లేబర్ ఆఫీసుకి అర్జీ ఇవ్వొచ్చు. ఇకముందు ఎవరి దగ్గర పనికి వెళ్లినా రోజుకెంత, ఎప్పుడిస్తారు, రాత్రి ఆలస్యమైతే హాస్టల్ దాకా ఎవరు దింపుతారు, ఈ మూడూ మెసేజ్‌లో రాయించుకుని వెళ్లు.

ఇక అకాడమీ. దాని మీద నీకు చిన్నచూపు ఉంది, దానికి కారణమూ రాశావు. ఓనరు "ఆడపిల్ల ఉంటే తల్లులకు నమ్మకం" అన్నాడని నొచ్చుకున్నావు. నీ ఆటను చూసి కాక నువ్వు ఆడపిల్లవని పిలిచాడని. నొచ్చుకోవడంలో న్యాయముంది. కానీ అతను తన వ్యాపారంలో ఒక లోటును నీ ముందే ఒప్పుకున్నాడు కూడా. ఆ లోటు తీర్చేది నువ్వయితే 5,000 దగ్గరే ఆగనక్కర్లేదు. బేరం ఆడు.

నీది బీకాం. షటిల్ కాక్ లెక్క ఎప్పుడైనా చూశావా? ఈక షటిల్‌లో 16 ఈకలు, ట్యూబుకి 12 షటిల్స్. రెండు ఈకలు విరిగితే అది పక్కకే. 2025లో ఈకల కొరతతో షటిల్ ధరలు బాగా పెరిగి, చిన్న అకాడమీలన్నీ తల పట్టుకున్నాయి. ఏ బ్యాచ్‌కి వారానికి ఎన్ని ట్యూబులు పోతున్నాయి, ఆ బ్యాచ్ కట్టే ఫీజు ఎంత, ఎక్కడ నైలాన్ షటిల్‌తో సరిపెట్టవచ్చు, ఎక్కడ సరిపెడితే పిల్లల ఆట చెడుతుంది, ఇది చాలా చోట్ల ఎవరూ రాసిపెట్టరు. మూడు నెలలు నువ్వు రాయి. ఫీజు కట్టి మధ్యలో మానేసిన పిల్లలు ఎందరు, ఏ నెలలో, ఎందుకని తల్లులు చెప్పారు, అదీ రాయి. ఆటల రంగం అంటే కబడ్డీ మ్యాట్ మీద ఆడే ఏడుగురు మాత్రమే కాదని నీకు నేను చెప్పాలా? అద్దె, ఫీజు, సామాను, బస్సు, భోజనం, మ్యాట్ వేసేవాళ్లు, ఫిజియో, ఆ ఖర్చులన్నిటికీ బిల్లు పాస్ చేసే మనిషి. ఆ చివరి కుర్చీ ఖాళీగా ఉంటే టోర్నీ నడవదు. అక్కడ కూర్చోడానికి ఆట తెలిసిన కామర్స్ మనుషులు చాలా తక్కువ.

చిక్కులూ ఉన్నాయి. ఉదయం ఐదింటికి అంటే హాస్టల్ గేటు తెరవాలి, వార్డెన్ ఒప్పుకోవాలి, చీకట్లో నడవాలి. ఎనిమిదింటికి వదిలితే తొమ్మిదిన్నర క్లాసులో నిద్ర ముంచుకొస్తుంది. నీ హాజరు ఇంకో రెండు శాతం తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వకపోవచ్చు, అప్పుడు అనుభవమున్నా చూపించడానికి డిగ్రీ ఉండదు. అందుకని ఈ సెమిస్టర్ అయ్యేదాకా శని, ఆదివారాలే వస్తానని అడిగి చూడు. డబ్బు తగ్గుతుంది, హాజరు నిలుస్తుంది. రోజూ రావాల్సిందే అని అతను పట్టుబడితే వేసవిలో వస్తానను. ఇంకోటి, బ్యాడ్మింటన్ నువ్వు నేర్చుకున్న ఆట కాదు. వార్మప్ చేయించు, వరస పెట్టు, దెబ్బ తగిలితే చూడు. రాకెట్ పట్టు మాత్రం కోచ్‌కే వదిలెయ్. తప్పుగా నేర్పిన పట్టు మార్చడానికి ఏళ్లు పడుతుందని ఏ కోచ్‌నడిగినా చెబుతారు.

వేసవి అన్నాను కాబట్టి, నువ్వు అసలు ప్రస్తావించని సంగతి ఒకటి. "చదువా, ఆటలా" అన్నట్టు ఉత్తరమంతా రాశావు. మన రాష్ట్రంలో డిగ్రీవాళ్లకు ఇంటర్న్‌షిప్ చదువులో భాగమే కదమ్మా! రెండో ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు, తర్వాత మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. చాలామంది ఆ రెండు నెలలకు ఎక్కడో ఒక సర్టిఫికెట్ తెచ్చి లాగ్‌బుక్‌ని ఒక్క రాత్రిలో నింపేస్తారు. నీకది అక్షరాలా నువ్వు కోరుకుంటున్న పార్ట్‌టైమ్. అకాడమీ ఓనరు లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇస్తే, లేదా జిల్లా క్రీడా సంఘం ఏదైనా ఒప్పుకుంటే, మీ మెంటర్ లెక్చరర్‌ని ఒప్పించు. "కామర్స్‌వాళ్లకు ఆటలేంటి" అంటారేమో. షటిల్ లెక్కల కాగితం అప్పటికి నీ చేతిలో ఉంటే ఆ ప్రశ్నకు జవాబు నువ్వు చెప్పనక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఏ ఆడిటర్ ఆఫీసులోనో రెండు నెలలు చేసి, మూడో ఏడాది సెమిస్టర్‌కి మళ్లీ ప్రయత్నించు. ఆ రెండు నెలలూ వృథా కావు.

నువ్వు రాయని నాలుగో దారి కూడా ఒకటి నాకు కనిపిస్తోంది. నీ దగ్గర ఉన్న అసలు సరుకు కబడ్డీ, దాన్ని మోకాలితోపాటు మూట కట్టి అటక మీద పెట్టేశావు. మ్యాచ్‌కి ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు సహాయ స్కోరర్లు కావాలి. బోనస్ గీత ఎప్పుడు లెక్కకొస్తుందో, ముగ్గురే మిగిలినప్పుడు పట్టిన పట్టుకి అదనపు పాయింటెందుకో, కూత ఎక్కడ ఆగిందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. స్కోరర్ బల్ల దగ్గర మోకాలితో పనిలేదు. మీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ సార్‌ని కలిసి, "ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో బల్ల దగ్గర కూర్చుంటాను సార్" అని అడుగు. మొదటి రెండు మ్యాచ్‌లకు టీ తప్ప ఏమీ దక్కదు. షీటు తప్పు లేకుండా నింపే పిల్ల దొరికిందంటే మూడోదానికి వాళ్లే పిలుస్తారు. అక్కణ్నుంచి జిల్లా సంఘం, ఆ తర్వాత రిఫరీలు, స్కోరర్ల లాంటి వాళ్లకు పెట్టే అఫీషియల్స్ పరీక్ష. ఇందులో డబ్బు చాలా నెమ్మదిగా వస్తుంది, కొన్నాళ్లు అసలు రాదు. నెల ఖర్చుకి ఆధారం కావాలంటే అకాడమీ మేలు. పేరు తెలిసిన మనుషులు కావాలంటే బల్ల మేలు. రెండూ వారాంతాల్లోనే పడతాయి కనుక ఏదో ఒకటి తగ్గించుకోక తప్పదు.

కోచ్ కావాలన్న కోరికా ఒక మూల ఉందని రాశావు. పాటియాలాలో కోచ్‌లను తయారుచేసే జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఏడాది డిప్లొమా ఉంది. దానికి తొందరేం లేదు, డిగ్రీ చేతికొచ్చాక చూద్దువు. మోకాలు ఏ మేరకు సహకరిస్తుందో డాక్టర్ చెప్పకుండా దానికి డబ్బు కూడబెట్టకు.

నాన్న గురించి. మూడు వారాలు ఆయన మాట్లాడకపోవడాన్ని నువ్వు "ఆటలంటే పడదు" అని చదువుకున్నావు. పడకపోతే నిన్ను రాష్ట్రస్థాయి దాకా పంపేవాడా? మోకాలి ఆపరేషన్‌కి అమ్మ గాజులు తాకట్టు పెట్టించింది ఎవరు? ఇదీ నీ ఉత్తరంలోదే. ఆయనకు పడనిది ఎన్ఎస్ఎస్ క్యాంపు అన్న అబద్ధం. కూతురు ఎక్కడుందో వేరే పిల్ల స్టేటస్ చూసి తెలుసుకోవడం. దానికి నువ్వు ఇప్పటిదాకా "తప్పైంది నాన్నా" అన్నట్టు ఎక్కడా రాయలేదు. కానిస్టేబుల్ వాదన తర్వాత, ముందు అది.

వాదన దగ్గరికొస్తే, కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. కోచింగ్‌లో చేరే ముందు ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి నాన్నను వెంటబెట్టుకుని వెళ్లి, ఈ మోకాలు ఆ పరుగుకి తట్టుకుంటుందా అని ఆయన ముందే అడుగు. తట్టుకుంటుందంటే ఆ దారీ తెరిచే ఉంచుకో, యూనిఫాం ఉద్యోగం చిన్నదేం కాదు, మీ ఇంటికి నెలనెలా జీతం అంటే ఏమిటో నాకంటే నీకే బాగా తెలుసు. తట్టుకోదంటే ఆ మాట నీ నోటి నుంచి కాక డాక్టర్ నోటి నుంచి విన్నాడు, గొడవ ఉండదు. రెండు సందర్భాల్లోనూ "డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఈ రంగంలో చూస్తాను, అప్పటికి నెలకు ఇంత రాకపోతే బ్యాంకు పరీక్షలకు కూర్చుంటాను" అని ఒక అంకె చెప్పు. అంకె నువ్వే వేసుకో. కూలి లెక్క తెలిసిన మనిషికి "నా కల నాన్నా" అనే మాట కంటే అంకె తొందరగా అర్థమవుతుంది.

ఈ రంగంలో నీలాంటిదానికి చోటుందా అని అడిగావు. పక్క జిల్లా శ్రీకాకుళం నుంచి కరణం మల్లీశ్వరి వెళ్లి 2000లో సిడ్నీలో పతకం తెచ్చింది అని చెప్పి నిన్ను ఉబ్బించను. అది ఆడేవాళ్ల కథ. ఆడించేవాళ్ల కథలు పేపర్లో రావు కాబట్టి నీకు కనబడలేదు, అంతే. వచ్చే ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో ఆట చూడకు. బల్ల దగ్గరెవరున్నారో, మైకు ఎవరి చేతిలో ఉందో, నీళ్ల క్యాన్ల లెక్క ఎవరు రాస్తున్నారో చూడు. వాళ్లలో ఒకరిద్దరినైనా ఇక్కడికి ఎలా వచ్చారని అడుగు. వాళ్ల జవాబులు నాకంటే నీకు ఎక్కువ పనికొస్తాయి.

ఉత్తరం చివర, సంతకం కింద, "ఫిజియో చెప్పిన ఎక్సర్‌సైజులు ఆర్నెల్లుగా మానేశాను" అని ఒక ముక్క రాశావు. పది రోజులు గేటు దగ్గర నిలబడ్డాక మోకాలు వాచిందని రెండో పేజీలో ఉంది. ఈ రెండూ నువ్వు కలిపి చదువుకున్నట్టు లేదు. అకాడమీ ఓనరుకు ఫోన్ చేసే ముందు అవి మళ్లీ మొదలుపెట్టు. రోజుకు ఇరవై నిమిషాలు, హాస్టల్ గదిలోనే.